నిండని పడవ, మునగని తెప్ప

పంతొమ్మిదో శతాబ్దం చివరి దాకా మద్రాసుకు హార్బరు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. మనుషులైనా సరుకైనా మసూలా పడవెక్కి కెరటాలు దాటాల్సిందే. మేకులు లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన పడవలవి. నేలకేసి కొట్టినా వంగుతాయి తప్ప అంత తేలిగ్గా పగలవు. అయినా బోల్తా పడేవి. అందుకే వాటి వెంట తెప్పలు కాపలా వెళ్లేవి. నీళ్లలో పడ్డవాళ్లను అందుకుని పైకి లాగడం తెప్పవాళ్ల పని. ప్రాణాలు కాపాడినందుకు వాళ్లకు పతకాలు ఇచ్చినట్టు నాటి ప్రయాణికులు రాశారు.

ఇంగ్లీషు నావికుడు విలియం డాంపియర్ 1697లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో కోరమాండల్ తీరపు తెప్పను, అంటే కట్టుమరాన్ని, వర్ణించాడు. చూడ్డానికి ఏముంది? కొన్ని తేలిక దుంగలు, ముందూ వెనకా తాడు కట్లు. పడవకున్నట్టు దీనికి కడుపు లేదు కాబట్టి నీళ్లు నిండే ప్రసక్తే లేదు. మీద పడ్డ కెరటం దుంగల సందుల్లోంచి జారిపోతుంది. మనిషి మోకాళ్ల మీద కూర్చుని తెడ్డును కుడికోసారి ఎడమకోసారి వేస్తాడు. కెరటం విసిరేస్తే ఈది వచ్చి మళ్లీ ఎక్కుతాడు. గజ ఈతగాడికైనా చేతులు అలుస్తాయి కనుక దుంగను వదలకపోవడమే అక్కడ మొదటి జాగ్రత్త.

రెండో జాగ్రత్త ఒడ్డున. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగలను ఇసుక మీద ఆరేస్తారు. ఆరకపోతే కర్ర నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, సరిగా తేలదు. కొండపల్లి బొమ్మలు చెక్కే తేలికైన తెల్ల పొణికి కూడా కట్టుమరాలకు వాడిన కర్రల్లో ఒకటి.

తెప్ప నడిపి, నీళ్లలో పడ్డవాళ్లను కాపాడే ఈ విద్య తెలుగువాళ్లతో పాటు ఒడిశాకూ వెళ్లింది. ఆంధ్ర తీరం నుంచి వలసపోయిన వాడబలిజ మత్స్యకారులు పూరీలోని పెంఠకటా పేటలో స్థిరపడ్డారు. అక్కడ వాళ్లను నోలియాలంటారు. చేపల వేటతో పాటు, యాత్రికుల చెయ్యి పట్టుకుని సముద్రస్నానం చేయించడం, కొట్టుకుపోతున్నవాళ్లను ఈడ్చుకురావడం తరాలుగా వాళ్ల జీవనం. కోసుగా ఉండే టోపీలతో పూరీ ఒడ్డున వాళ్లను ఇట్టే గుర్తుపట్టేవారు. ఇప్పటికీ అక్కడ లైఫ్‌గార్డుల్లో నోలియాలున్నారు.

ఇప్పుడు చాలాచోట్ల దుంగల తెప్పల స్థానంలో ఫైబర్ తెప్పలు వచ్చాయి. లోపలి గదుల్లో థర్మాకోల్ నింపుతారు. తిరగబడినా తేలతాయి, పట్టుకుని వేలాడవచ్చు. అయితే వీటికి ఇంజను ఉంది, తెడ్డుతో చేరలేని దూరాలకు పోతున్నాయి. అంత దూరాన ఇంజను ఆగితే ఒడ్డూ కనపడదు, పక్క తెప్పా కనపడదు. ఒంటికి లైఫ్‌జాకెట్టు, ఒడ్డుకు కబురు పెట్టే వైర్‌లెస్ సెట్టు లేకుండా మత్స్యకారులను అక్కడికి పంపడం అన్యాయం.