అసల్ క్యాసెట్ పారేయకండి

అమ్మీ, అబ్బాల షాదీ 1991లో జరిగింది. ఆ వీహెచ్‌ఎస్ క్యాసెట్‌ని ఈ మధ్య ఒక దుకాణంలో ఇచ్చి హెచ్‌డీ చేయించాను. ఖాందాన్ అంతా పెద్ద టీవీ ముందు కూర్చున్నాం. షామియానా మెరిసిపోతోంది. సెహ్రాలో పూలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఇంతలో దుల్హన్ పక్కన దాదీమా కనిపించింది. అమ్మీ మొహం చిన్నబోయింది. "ఈమె మా అత్తమ్మ కాదు బేటా" అంది. నిజమే. దాదీమా చెంప మీది పుట్టుమచ్చ లేదు. ముడతలు లేవు. ఎవరో నున్నటి ముసలావిడ కూర్చుని ఉంది.

ఆ తస్వీర్ ఎందుకు మారింది? జవాబు కోసం టీవీ పుట్టిన జమానాకు వెళ్లాలి.

మన దేశం ఎంచుకున్న పాల్ పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు. వాటిలో కంటికి కనిపించేవి 576. వాటినీ ఒకేసారి గీయరు. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. అలా సెకనుకు 50 సగాలు, అంటే 25 నిండు బొమ్మలు. దీన్ని డిజిటల్‌లోకి మారిస్తే 720 అడ్డం, 576 నిలువు, మొత్తం 4,14,720 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920, 1080. మొత్తం 20,73,600 చుక్కలు. సరిగ్గా అయిదింతలు! అంటే ప్రతి అయిదు చుక్కల్లో నాలుగు మిషన్ తన అందాజాతో నింపినవే. పైగా 1976లో జపాన్‌లోని జేవీసీ తెచ్చిన వీహెచ్‌ఎస్ టేపులో ఆ 720కి సరిపడా వివరం కూడా ఉండదు.

పాత పద్ధతిలో పక్క చుక్కల సగటు తీసి ఖాళీలు నింపేవారు. బొమ్మ పెద్దదయ్యేది, మసకగానే ఉండేది. కానీ అబద్ధం చెప్పేది కాదు. ఇప్పటి ఏఐ వేలాది మొహాలు చూసి నేర్చుకుంది. మసక కనిపించిన చోట తనకు తెలిసిన మొహాన్ని అతికిస్తుంది. దాదీమా పుట్టుమచ్చ దానికి టేపు మీది మరకలా కనిపించి ఉంటుంది. తుడిచేసింది.

ఈ మసక బొమ్మల ముష్కిల్ మన ఇళ్లదే కాదు. 1969 జులైలో అపోలో 11 చంద్రుడి మీది నుంచి పంపిన బొమ్మలో 320 గీతలు, సెకనుకు 10 ఫ్రేములే. ఇళ్లలోని టీవీలకు పనికొచ్చేలా దాన్ని భూమ్మీద మార్చి ప్రసారం చేశారు. ఆ మార్పులోనే చాలా వివరం పోయింది. అసల్ సిగ్నల్ మాత్రం వేరే టేపుల మీద రికార్డయింది. ఏళ్ల తర్వాత నాసా వాళ్లు వెతికితే, ఆ టేపులు చెరిపేసి మళ్లీ వాడుకున్నట్టు తేలింది. చివరికి 2009లో టీవీ ప్రసారాల నకళ్లలో మెరుగైనవి ఏరి, లోరీ డిజిటల్ అనే సంస్థతో శుభ్రం చేయించుకున్నారు. ఎంత మెహనత్ చేసినా అసల్ తిరిగి రాలేదు.

దీనికి ఉల్టా కిస్సా ఒకటుంది. 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్' 1987లో మొదలైన అమెరికా సీరియల్. షూటింగ్ 35 ఎంఎం ఫిల్మ్ మీద, ఎడిటింగ్ వీడియో టేపు మీద. 2012లో బ్లూ-రే తెచ్చినప్పుడు వాళ్లు ఆ టేపును సాగదీయలేదు. దాచి ఉంచిన ఫిల్మ్‌ని మళ్లీ స్కాన్ చేసి, ఎపిసోడ్లను మళ్లీ కూర్చారు. అందుకే అందులో కనిపించే వివరం హకీఖత్. అసల్‌ను హిఫాజత్‌గా ఉంచుకున్నవాళ్లకే ఆ నసీబ్.

మన షాదీ వీడియోలకు వెనక ఫిల్మ్ లేదు. ఆ టేపే మన అసల్. అదీ ఏటేటా అరిగిపోతోంది. 2016లో జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా మానేయడంతో కొత్త వీసీఆర్‌ల తయారీయే ఆగిపోయింది. కాబట్టి ముందు ఉన్నది ఉన్నట్టు 576 గీతలతోనే ఎక్కించమనండి. వెడల్పు టీవీ నిండాలని సాగదీయనివ్వకండి, బుజుర్గుల మొహాలు లావైపోతాయి. ఆ ఫైల్‌ని రెండు చోట్ల దాచండి. హెచ్‌డీ షౌక్ ఉంటే దాని నకల్ మీద తీర్చుకోండి. క్యాసెట్ మాత్రం పారేయకండి.

నేను మళ్లీ వెళ్లి అలాగే చేయించుకొచ్చాను. బొమ్మ మసకగానే ఉంది. రంగులు కాస్త చెదిరాయి. అమ్మీ టీవీకి దగ్గరగా జరిగి, చెంప మీది ఆ చిన్న నల్ల మచ్చను వేలితో చూపించింది.

"ఇదిగో, మా అత్తమ్మ."