మాంధాత పక్కన ఒక బల్ల

జగ్గయ్యపేట మనిషి మాంధాతను చూడాలంటే మద్రాసు పోవాలి. ఊరవతల ధనంబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు బయటపడిన పలక అది. చెయ్యెత్తి నిలబడ్డ చక్రవర్తి, మబ్బుల్లోంచి రాలుతున్న నాణేలు, పక్కన ఏనుగు, గుర్రం. దిబ్బ మనకు మిగిలింది, బొమ్మ ఎగ్మూరు మ్యూజియానికి చేరింది.

నేను ఎగ్మూరు వెళ్ళింది ఆ రాయి కోసమే. ఎంత తనివితీరా చూసినా అరగంట. రైలేమో రాత్రికి. సంచిలో దిద్దాల్సిన ప్రూఫులున్నాయి. అదే ఆవరణలో కన్నెమరా గ్రంథాలయం కనిపిస్తే లోపలికి నడిచాను. 1896 డిసెంబరులో తెరిచిన పాత హాలు హెన్రీ ఇర్విన్ గీసింది. మైసూరు రాజప్రాసాదం కూడా ఆయన గీసిందే. ఎత్తయిన కప్పు, రంగుటద్దాలు, చెక్కిన టేకు. దాన్ని చూసి, కొత్త భవనంలో ఓ బల్ల దగ్గర కూర్చున్నాను. ఇంట్లో నాలుగు రోజులు నానిన పని చీకటి పడే వేళకు తెమిలిపోయింది. ఫోను మోగలేదు, కాఫీ తాగుతారా అని ఎవరూ అడగలేదు. చుట్టూ పదిమంది తలవంచుకుని రాసుకుంటుంటే మన తల కూడా దానంతటదే వంగుతుంది.

యాభై ఏళ్ళొచ్చాక ఈ సంగతి కనిపెట్టానని చెప్పుకోవడానికి సిగ్గే. ఎందుకంటే మా మెట్టలో పుట్టిన ఒకాయన నూటపాతికేళ్ళ కిందటే దీన్ని చేసి చూపించాడు.

నందిగామ, జగ్గయ్యపేటల మధ్య హైవే దిగి లోపలికి వెళ్తే మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు. తిరుపతమ్మ తిరునాళ్ళకు బళ్ళు కట్టుకుని వెళ్ళే ఊరు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1877లో అక్కడే పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే అక్క భండారు అచ్చమాంబ ఇంట, నాగపూరులో చదువుకున్నాడు. తెలుగు కథకు తొలి అడుగులు వేసిన అచ్చమాంబ ఈమే. ఆమెకు విడిగా ఒక వ్యాసం బాకీ ఉన్నాం.

చదువయ్యాక ఆయన మునగాల రాజా నాయని వెంకట రంగారావు దగ్గర దివానుగా చేరాడు. మునగాల పరగణాది చిత్రమైన భూగోళం: చుట్టూ నిజాం రాజ్యం, లెక్క మాత్రం కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో. ఆ సరిహద్దు మీద నిలబడ్డవాడికి అవతల తెలుగువాళ్ళ అవస్థ కనిపించకుండా ఉంటుందా? కొలువులో, కచేరీలో అంతా ఉర్దూ. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో, రావిచెట్టు రంగారావు ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. పూనిక లక్ష్మణరావుది, అండ మునగాల రాజాది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది.

గ్రంథాలయం పెట్టిన వాళ్ళకు తొందరగానే ఒక చిక్కు తెలిసొచ్చి ఉండాలి. బీరువాలు కొనొచ్చు, కావ్యాలూ పురాణాలూ నింపొచ్చు. చరిత్ర, రసాయనం, జీవశాస్త్రం తెలుగులో ఏవీ? 1906లో వాళ్ళే విజ్ఞానచంద్రికా మండలి పెట్టారు. మొదటి పుస్తకం అబ్రహాం లింకను చరిత్ర, రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు. తర్వాత గ్రంథాలయోద్యమానికి దశాబ్దాల పాటు పెద్దదిక్కయిందీ ఆయనే. అయ్యంకి వెంకటరమణయ్య 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశమంతటి గ్రంథాలయాల వాళ్ళనూ కూర్చోబెట్టింది ఆ తర్వాతి కథ, అది చాలామందికి తెలిసిందే.

మండలి మద్రాసుకు మారాక లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్నాడు. మల్లంపల్లి సోమశేఖరశర్మ లాంటివాళ్ళు చేయి కలిపారు. మూడు సంపుటాలు వచ్చినా ‘అ’ అక్షరం దాటలేదు. 1923లో, 46 ఏళ్ళకే ఆయన పోయాడు. దాన్ని వైఫల్యం అనేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. చదివే చోటును రాసే చోటుగా మార్చడమే ఆయన అసలు పని, అది పూర్తయింది.

మన ఊళ్ళ గ్రంథాలయాలను మనం పేపరు చూసే గదులుగా కుదించుకున్నాం. వాటిని ఇవాళ నిలబెడుతున్నది పోటీ పరీక్షల పిల్లలు. అన్నం క్యారేజీ పక్కన పెట్టుకుని పొద్దుగూకేదాకా చదివే వాళ్ళకు తెలుసు బల్ల విలువ.

ఈసారి ఇంటి పన్ను రసీదు చేతికొచ్చినప్పుడు గ్రంథాలయ పన్ను గడి చూడండి. రూపాయికి ఎనిమిది పైసలు, 1960 నాటి చట్టం ప్రకారం. డబ్బు ఎలాగూ కడుతున్నారు. ఓ రోజు మీ పని సంచిలో వేసుకుని మీ ఊరి గ్రంథాలయానికి వెళ్ళి కూర్చోండి. ఫ్యాను తిరగకపోతే, బల్ల చాలకపోతే అక్కడి రిజిస్టరులో రాసి రండి.