ఎనిమిది మైక్రోఫారడ్ల లెక్క: ఇంటి యాంప్లిఫయర్ విద్యుత్ సరఫరాలో విడిభాగాల ఎంపిక (1947–1969)

ప్రవేశిక

ధ్వని యంత్రాల చరిత్రలో యాంప్లిఫయర్ల ప్రస్తావన వచ్చినప్పుడు అవుట్‌పుట్ వాల్వులు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, ఫీడ్‌బ్యాక్ వంటి అంశాలే ప్రధానంగా చర్చకు వస్తాయి. ఇంటి కరెంటును, అంటే ఏకాంతర విద్యుత్తును, వాల్వులకు పనికివచ్చే ఏకముఖ విద్యుత్తుగా మార్చే సరఫరా విభాగం సర్క్యూట్ పటంలో ఒక మూలకు పరిమితమవుతుంది. స్వయంగా యాంప్లిఫయర్ నిర్మించుకున్న ఔత్సాహికుల చరిత్రను ఆ మూల నుంచి పరిశీలిస్తే వేరొక సంగతి బోధపడుతుంది. అక్కడ విడిభాగాల ఎంపిక శ్రావ్యత కన్నా ముందు ఒక ప్రశ్నతో ముడిపడి ఉంది: ఈ భాగం ఎప్పుడు, ఎందువల్ల చెడిపోతుంది? బ్రిటన్‌లోని ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రిక ప్రచురించిన రెండు ప్రసిద్ధ నమూనాల ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

విలియమ్సన్ నమూనా

డి.టి.ఎన్. విలియమ్సన్ రూపొందించిన యాంప్లిఫయర్ వివరాలు 1947 ఏప్రిల్, మే సంచికలలో వెలువడ్డాయి. రెండు కె.టి.66 వాల్వులతో 15 వాట్ల శక్తిని, 0.1 శాతానికి మించని వక్రీకరణతో అందించిన ఈ నమూనా చాలాకాలం ఇతర యాంప్లిఫయర్లకు కొలమానంగా నిలిచింది. దాని సరఫరా విభాగంలో 425–0–425 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్ వాల్వు, 10 హెన్రీల చోక్, 30 హెన్రీల చోక్, 8 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు ఉన్నాయి. ఆ రోజుల్లో కెపాసిటర్‌ను కండెన్సర్ అనేవారు. ఇంగ్లీషు సాంకేతిక రచనల నుంచి దాదాపుగా తప్పుకున్న ఆ మాట, ఫ్యాన్లు బాగుచేసే తెలుగు ఎలక్ట్రీషియన్ల నోట నేటికీ బతికి ఉంది. ట్యూబులైటు పుణ్యమా అని ‘చోక్’ కూడా మన ఇళ్లకు పరిచితమైన మాటే.

ఎనిమిది మైక్రోఫారడ్లు నేటి పాఠకునికి మరీ స్వల్పంగా తోస్తాయి. అవుట్‌పుట్ వాల్వులు రెండూ కలిసి సుమారు 125 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటాయి. 50 హెర్ట్జ్ విద్యుత్తు నుంచి పూర్ణతరంగ పద్ధతిలో కెపాసిటర్ సెకనుకు 100 మార్లు నిండుతుంది. రెండు నింపుడుల మధ్య దాని వోల్టేజి ఎంత పడిపోతుందో స్థూలంగా లెక్కిస్తే 150 వోల్టుల దాకా వస్తుంది. వాస్తవంలో ఇది కొంత తక్కువే అయినా, ఆ హెచ్చుతగ్గులు స్పీకరు దాకా వెళితే సంగీతం కన్నా మోతే ఎక్కువగా వినిపిస్తుంది. ఇక్కడ చోక్ పని మొదలవుతుంది. 100 హెర్ట్జ్ వద్ద 10 హెన్రీల చోక్ చూపే అవరోధం సుమారు 6,280 ఓములు. దాని తరువాతి 8 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అవరోధం సుమారు 200 ఓములు. ఈ జంట హెచ్చుతగ్గులను దాదాపు 30వ వంతుకు తగ్గిస్తుంది. మిగిలినది పుష్-పుల్ అమరికలోని రెండు వాల్వులలో ఎదురెదురు దిశలలో ప్రవహించి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో చాలావరకు రద్దవుతుంది. తొలి దశల వాల్వులకు ఈ వెసులుబాటు లేదు. అక్కడ పుట్టిన మోత తరువాతి దశలన్నిటిలోనూ పెరుగుతూ పోతుంది. అందుకే వాటికి వెళ్లే దారిలో 30 హెన్రీల రెండవ చోక్ అవసరమైంది.

ఇంత బరువైన ఇనుము, రాగి వాడే బదులు పెద్ద కెపాసిటర్ పెట్టవచ్చు కదా అన్న సందేహం సహజం. అడ్డు రెక్టిఫయర్ వాల్వు దగ్గర ఉంది. కెపాసిటర్ ఎంత పెద్దదైతే అది నిండే వ్యవధి అంత చిన్నదై, ఆ కాస్త వ్యవధిలో వాల్వు గుండా పోయే ప్రవాహం అంత తీవ్రమవుతుంది. అందువల్ల తయారీదారులు ఒక్కొక్క రెక్టిఫయర్‌కు గరిష్ఠ కెపాసిటర్ విలువను నిర్దేశించేవారు. తరువాతి కాలంలో వచ్చిన, ఎంతో సమర్థమైన జి.జెడ్.34 వాల్వుకు సైతం ఆ పరిమితి 60 మైక్రోఫారడ్లే.

అసలు చిక్కు స్విచ్ వేసిన మొదటి నిమిషంలో ఉంది. 425 వోల్టుల శిఖర విలువ సుమారు 600 వోల్టులు. నేరుగా వేడెక్కే ఫిలమెంటు గల రెక్టిఫయర్ కొద్ది సెకన్లలోనే పని ప్రారంభిస్తుంది. అప్పటికి మిగతా వాల్వులు వేడెక్కవు కనుక ప్రవాహాన్ని తీసుకునేవారుండరు. కెపాసిటర్లపై ఆ 600 వోల్టులూ నిలుస్తాయి. నాటి సాధారణ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల సామర్థ్యం 450, 500 వోల్టుల దగ్గరే ఆగేది. కాబట్టి నిర్మాతకు మిగిలినవి రెండు మార్గాలు: నిదానంగా వేడెక్కే పరోక్ష తాపన రెక్టిఫయర్‌ను ఎంచుకోవడం, లేదా పరిమాణంలోనూ ధరలోనూ పెద్దవైన కాగితపు కెపాసిటర్లు కొనడం.

ఈ ఎంపికలో జేబుకు కూడా పాత్ర ఉంది. యుద్ధానంతరం లండన్ లైల్ వీధి దుకాణాలలో సైనిక మిగులు సామగ్రి చౌకగా దొరికేది. అయితే ఏళ్ల తరబడి నిల్వ ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌లో అల్యూమినియం రేకుపై ఉండే ఆక్సైడ్ పొర క్షీణిస్తుంది. దానికి ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే వేడెక్కి పగిలిపోవచ్చు. నిరోధకం గుండా కొద్దికొద్దిగా వోల్టేజి పెంచుతూ పొరను మళ్లీ ఏర్పరచవలసి ఉంటుంది. చౌకగా కొన్న వస్తువుకు మిగతా వెలను ఈ విధంగా ఓపిక రూపంలో చెల్లించవలసి వచ్చేది. విద్యుత్తు ఆపిన తరువాత కూడా 450 వోల్టులను నిలుపుకునే కెపాసిటర్ ప్రాణం తీయగలదు. దాని కొనల మధ్య ఒక బ్లీడర్ నిరోధకాన్ని కలిపితే ఆవేశం క్రమంగా ఖాళీ అవుతుంది. సరఫరా విభాగం మొత్తంలో అతి చవకైన భాగం బహుశా అదే.

1950లలో మల్లార్డ్ సంస్థ ఔత్సాహికుల కోసం వెలువరించిన నమూనాల పేర్లు ఈ సందర్భంలో గమనించదగినవి. ‘5–10’ అంటే అయిదు వాల్వులు, పది వాట్లు. ధ్వనిని పెంచే వాల్వులు నాలుగే, అయిదవది రెక్టిఫయర్. చరిత్రకారులు మూలకు నెట్టిన భాగాన్ని తయారీదారు పేరులోనే లెక్కించాడు.

సిలికాన్ రాకతో మారిన లెక్క

1969 ఏప్రిల్‌లో జాన్ లిన్స్‌లీ హుడ్ అదే పత్రికలో 10 వాట్ల క్లాస్-ఎ ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌ను ప్రచురించాడు. పోలికకు ఆయన తీసుకున్నది విలియమ్సన్ యాంప్లిఫయర్‌నే. ఎనిమిది ఓముల స్పీకరుకు ఈ కొత్త నమూనా కోరినది 27 వోల్టులు, 1.2 ఆంపియర్లు. వోల్టేజి తగ్గి, ప్రవాహం పదింతలకు చేరువైంది. హెచ్చుతగ్గులను ఒక్క కెపాసిటర్‌తోనే ఒక వోల్టుకు పరిమితం చేయాలంటే, ముందరి లెక్క ప్రకారమే 12,000 మైక్రోఫారడ్లు కావాలి. అది 1947 నాటి విలువకు 1,500 రెట్లు. అంతటి కెపాసిటర్‌ను నింపే ప్రవాహాన్ని సిలికాన్ డయోడ్లు భరించగలిగాయి గనుకనే ఆ లెక్క ఆచరణ సాధ్యమైంది. ప్రాణాపాయం గణనీయంగా తగ్గింది. దాని స్థానంలో కొత్త జాగ్రత్తలు వచ్చాయి: తీగల మందం, ఫ్యూజు విలువ, స్విచ్ వేయగానే వచ్చే తొలి ప్రవాహపు ఉధృతి.

ఈ రెండు కాలాల లెక్కలు కలగాపులగమైన చోట నష్టం తప్పలేదు. పాత వాల్వు యాంప్లిఫయర్‌లో రెక్టిఫయర్ చెడిపోయినప్పుడు దాని స్థానంలో సిలికాన్ డయోడ్లు అమర్చడం తేలికగా, చౌకగా కనిపించే మరమ్మతు. కానీ డయోడ్ వేడెక్కే దాకా ఆగదు. వాల్వులో సహజంగా జరిగే వోల్టేజి నష్టమూ అందులో దాదాపు ఉండదు. మొదటి నిర్మాత తప్పించిన ఆ 600 వోల్టులు, ఇరవై ఏళ్లుగా పొర క్షీణిస్తూ వచ్చిన కెపాసిటర్లపై స్విచ్ వేసిన మరుక్షణమే వచ్చి పడతాయి.