రక్తచరిత్ర - టీవీ పెట్టె

మాది కరీంనగర్. మా వైపు హింసంటే అన్నలు, ఎన్‌కౌంటర్లు. సీమ ఫ్యాక్షన్ మాకు సినిమాల్లోనే తెలుసు. 2010లో వచ్చిన వర్మ 'రక్తచరిత్ర' చూస్తే... స్లో మోషన్, వింత యాంగిల్స్, నెత్తురు భలే అందంగా ఉంటుంది. నాకదే ఇబ్బంది!

అసలు చరిత్రలో, 1993లో మద్దెలచెరువు సూరి ఇంట్లోవాళ్ళని చంపింది టీవీ పెట్టెలో పెట్టిన బాంబు. 1997 నవంబర్ 19న జూబ్లీహిల్స్‌లో కారు బాంబు. పరిటాల రవి తన తండ్రి కథతో తీస్తున్న 'శ్రీరాములయ్య' ప్రారంభోత్సవానికి వెళ్ళి వస్తున్నాడు. ఆయన బతికాడు. ఇరవైమందికి పైగా పోయారు, కవరేజీకి వచ్చిన ఈటీవీ వాళ్ళతో సహా. రవిని 2005లో చంపారు. సినిమా రెండో భాగం వచ్చిన నెలకే, 2011 జనవరిలో, సూరినీ కాల్చేశారు.

పోస్టర్ మీద వివేక్ ఒబెరాయ్, సూర్య. సరే, ఆ ఈటీవీ వాళ్ళ పేర్లు మనలో ఎందరికి తెలుసు?