కవిలెల కడగండ్లు

తెలుగు ఊరి చరిత్ర ఒకప్పుడు కరణం ఇంటి అటక మీద ఉండేది. తాటాకు మీద గంటంతో గీసి, గీతల్లో మసి నింపి, ఆకులకు చిల్లు పొడిచి తాడు గుచ్చి, అటూ ఇటూ చెక్కపలకలు పెట్టి బిగించిన కట్టలవి. వాటిని కవిలెలన్నారు. పొలిమేర ఎక్కడిదాకా, చెరువు తవ్వించిందెవరు, గుడికి ఏ రాజు ఎంత మాన్యమిచ్చాడు, ఏ కరువుకు పాడుపడ్డ ఊరు ఎవరి హయాంలో మళ్లీ నిలబడింది - అన్నీ అందులోనే. తాత ఆపిన చోట తండ్రి, తండ్రి ఆపిన చోట కొడుకు అందుకుని రాసిన లెక్క అది. రాజ్యాలు పోయినా కవిలె నడిచింది.

ఆ కవిలెల విలువను మొదట్లోనే పట్టుకున్నవాళ్లు ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. వాళ్లలో ఒకడు వెంకట బొర్రయ్య. తూర్పు ఇండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరైన కాలిన్ మెకంజీ దగ్గర కొలువుకు కుదిరాడు. స్కాట్లాండు నుంచి వచ్చిన మెకంజీకి ఇక్కడి భాషలు రావు. ఈ దేశపు విద్యల్లోకి తనకు దారి చూపినవాడు బొర్రయ్యేనని ఆయన తర్వాత మనసారా రాసుకున్నాడు. పాత కన్నడ శాసనాలను సైతం విప్పి చదివిన ఆ యువకుడు 1803లో, ముప్ఫై ఏళ్లయినా నిండకుండానే కన్నుమూశాడు.

మెకంజీ కోసం ఊళ్ల చరిత్రలు సేకరించే బరువును తమ్ముడు లక్ష్మయ్య భుజానికెత్తుకున్నాడు. గుమాస్తాలు ఊరూరా తిరిగారు. కరణాన్ని ఒప్పించి, కవిలె విప్పించి, అందులో ఉన్నది కాగితం మీదికి ఎక్కించారు. పెద్దలు చెప్పిన కథలూ రాసుకున్నారు. అలా తయారైనవే కైఫియత్తులు. మెకంజీ 1811లో జావా దండయాత్రకు వెళ్లినా మద్రాసులో పని ఆగలేదు, నడిపించేవాడు లక్ష్మయ్య కాబట్టి.

1815లో మెకంజీ భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821 మేలో కలకత్తా దగ్గర చనిపోయాడు. ఆయన కూడబెట్టిన ఈ రాతల నిధిని కంపెనీ ప్రభుత్వం ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొంది. 1828లో హెచ్.హెచ్. విల్సన్ అచ్చువేసిన పట్టికలో 1568 తాళపత్ర, లిఖిత గ్రంథాలు, 2070 స్థానిక చరిత్రలు, 8076 శాసనాల నకళ్లు లెక్కకొచ్చాయి. సేకరణ మాత్రం ముక్కలైంది. కొంత లండన్ చేరింది, కొంత కలకత్తాలో ఉండిపోయింది, దక్షిణాది భాషలవి చాలావరకు మద్రాసుకు తిరిగొచ్చాయి.

అసలు పతనం అప్పుడు మొదలైంది. మిగిలిన పనిని తాను సాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. ఏ ఊళ్లో ఏ కట్ట ఉందో, ఏ కరణం ఎలా మాట వింటాడో అంతగా తెలిసినవాడు ఆనాడు ఇంకొకడు లేడు. 1830లలో ఆ అర్జీ కలకత్తా ఆసియాటిక్ సొసైటీ ముందుకు వెళ్లింది. జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగా ఉన్న ఆ సంఘం కాదంది. ఇంత పని నడిపించే శక్తి ఒక దేశీయుడికి ఉంటుందని అది నమ్మలేదు. దొరకు రాని భాషలన్నీ చదివిపెట్టినవాడికి దక్కిన ఫలం ఇది! ఉన్న కాగితాల పరిశీలన విలియం టేలర్ అనే మతాచార్యుడి చేతికి వెళ్లింది. ఊళ్లలోని కవిలెల కోసం మళ్లీ ఆ స్థాయిలో ఎవరూ బయల్దేరలేదు.

ఊళ్లలో కవిలె దిక్కులేనిదైంది. కచేరీ లెక్కలు కాగితానికి మారాయి. గంటం పట్టే చెయ్యి, ఆ గొలుసుకట్టు రాత చదివే కన్ను తరానికి కొంత తగ్గాయి. కట్టల్లో కొన్నిటిని రామబాణం పురుగు తినేసింది, కొన్నిటిని చెద పట్టింది, కొన్నిటిని భక్తితోనే ఏట్లో కలిపేశారు. 1984లో కరణీకమే రద్దయింది. అటక మీద మిగిలిన నాలుగు ఆకుల గురించి అడిగే మనిషి కూడా లేకుండా పోయాడు.

మద్రాసు చేరిన కాగితాలూ సుఖపడలేదు. సిరా వెలిసింది, అంచులు పొడిపొడిగా రాలాయి. సి.పి. బ్రౌన్ పూనుకుని నకళ్లు రాయించకపోతే ఎన్నో కైఫియత్తుల్లో అక్షరం మిగిలేది కాదు. ఆ స్థానిక చరిత్రల సంపుటాలు ఉండబట్టే మల్లంపల్లి సోమశేఖర శర్మ వంటివారికి రెడ్డిరాజుల చరిత్ర రాసేటప్పుడు శాసనాలకు తోడుగా ఊళ్ల జ్ఞాపకమూ అందింది. ఇవాళ మన చేతిలో ఉన్నది కవిలెకు నకలు, చాలాచోట్ల నకలుకు నకలు. సరిచూసుకుందామంటే మూలం లేదు.

కొన్ని జిల్లాల కైఫియత్తులు పుస్తకాలుగా వచ్చాయి. కడపలోని బ్రౌన్ పరిశోధన కేంద్రం ఆ జిల్లావి వెలువరించి గొప్ప మేలు చేసింది. అది చాలదు. మిగిలిన ప్రతి పుటనూ ఫొటో తీయాలి. తీసి హార్డ్ డిస్కులో దాస్తే అది మరో అటకే. ఊరి పేరు కొడితే ఆ ఊరి పుట దొరకాలి. పాత రాత చదవగలవాళ్లను జీతమిచ్చి కూర్చోబెట్టి, ప్రతి వాక్యాన్నీ నేటి లిపిలో టైపు చేయించాలి. ఏ విశ్వవిద్యాలయపు చీటీ అడక్కుండా అందరికీ తెరిచిపెట్టాలి. కైఫియత్తుల్లో పేరెక్కిన ప్రతి ఊరి పిల్లకూ తన ఊరి పుటను తన ఫోనులో చదువుకునే హక్కుంది. ఆ హక్కు దక్కనంత కాలం, లక్ష్మయ్యను కాదన్న ఆ తీర్పును ఇప్పుడు అమలు చేస్తున్నది మనమే.