కుదుపును కొలిచిన కండెన్సరు

పాత రేడియోలో స్టేషను మార్చుటకు మర త్రిప్పినప్పుడు, లోపలి గ్యాంగ్ కండెన్సరు రేకులు ఒకదాని నడుమకొకటి జరుగును. దాని ధారణశక్తి మారును. రేకుల కదలికను ధారణశక్తి తెలుపునను ఆ సూత్రముతోనే బండి కుదుపును కొలిచిన చరిత్రను మనమిప్పుడు చెప్పుకొందము.

త్వరణమును కొలుచు పరికరములు 1920వ దశాబ్దిలోనే అమెరికాలో వెలసినవి. కర్బన బిళ్లల నిరోధముపై పనిచేసిన అట్టి పరికరము సుమారు అర కిలో తూగెడిది. 1979లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున రాయిలెన్స్, ఏంజెల్ అను శాస్త్రజ్ఞులు సిలికాన్ పలకనుండి 0.02 గ్రాముల పరికరమును మలచిరి. అదియు నిరోధపు మార్పుపైననే ఆధారపడినది.

కారు గుద్దుకొన్నచో ఎయిర్‌బ్యాగు రెప్పపాటుకు ముందే విచ్చుకొనవలెను; గుంతలో పడినప్పుడు విచ్చుకొనరాదు. ఇందుకై అనలాగ్ డివైసెస్ సంస్థ 1991లో ఏడీఎక్స్ఎల్ 50 అను చిప్పును ప్రకటించెను. అందు 2 మైక్రాన్ల మందముగల సిలికాన్ దూలము సన్నని కాళ్లపై వ్రేలాడును. దువ్వెనపండ్లవంటి దాని రేకులు స్థిరమైన రేకుల నడుమ నిలుచును. బండి హఠాత్తుగా ఆగినచో దూలము జడత్వముచే ముందుకు జరుగును. ఒక ప్రక్క ఎడము తగ్గి ధారణశక్తి పెరుగును, రెండవ ప్రక్క తగ్గును. ఆ భేదమే త్వరణమునకు కొలత.

అంత స్వల్పభేదము పొడవైన తీగలలో మరుగునపడును గనుక, దానిని పెంచి చూపు వలయమును గూడ ఆ చిప్పుపైననే నిర్మించిరి. దూలమును విద్యుద్బలముచే స్వస్థానమున నిలిపిరి. ఆ బలముతోనే దూలమును కదల్చి, పరికరము తన్ను తాను పరీక్షించుకొనును. ఏండ్ల తరబడి ఊరక కాచుకొని, ఒక్క క్షణమున తప్పక పలుకవలసిన కాపరికి ఈ పరీక్ష ప్రాణము వంటిది.