పక్షవాతపు చేయి: విద్యుత్తు, వ్యాయామం

రెంటచింతల పేరు వినగానే తెలుగువారికి ఎండ జ్ఞప్తికి వస్తుంది. పల్నాడులోని ఈ ఊరి ఉష్ణోగ్రతలు వేసవిలో తరచు వార్తలకెక్కుతూ ఉంటాయి. అటువంటి చోట పొలంలో మనిషి కుప్పకూలితే వడదెబ్బ తగిలినదని అనుకోవడం సహజం. అయితే పడిన మనిషి మూతి ఒక ప్రక్కకు లాగి, ఒక చేయి పైకి లేవక, మాట తడబడితే అది పక్షవాతం కావచ్చును. వడదెబ్బలో శరీరమంతా వేడెక్కిపోతుంది. పక్షవాతంలో మెదడులోని రక్తనాళం ఒకటి పూడిపోవడమో చిట్లిపోవడమో జరుగుతుంది. పూడిన నాళంలోని గడ్డను కరిగించే మందును సామాన్యంగా నాలుగున్నర గంటలలోపుగా ఇవ్వాలి. కాబట్టి ఈ రెండింటి భేదం తెలిసి ఉండడం, వెంటనే 108కి కబురు చేయడం మొదట చేయవలసిన పని.

ప్రాణం దక్కిన తరువాత చాలమందికి మరొక కష్టం మిగులుతుంది. అది చేతి కష్టం. దానిని తొలగించడానికి వైద్యులు నూటయాభై ఏండ్లుగా చేస్తున్న ప్రయత్నాల చరిత్ర విద్యార్థులు తెలుసుకోదగినది.

బిగువు ఎందుకు వస్తుంది?

పక్షవాతం వచ్చిన తొలి రోజులలో చేయి మెత్తగా వ్రేలాడుతూ ఉంటుంది. కొన్ని వారాలు గడిచేసరికి పలువురిలో అదే చేయి బిగుసుకొనడం ఆరంభిస్తుంది. మోచేయి ముడుచుకొంటుంది, మణికట్టు వంగుతుంది, పిడికిలి మూసుకొనిపోతుంది. చొక్కా తొడగడం, అరచేయి కడగడం, గోళ్ళు తీయడం కూడ ఇంటివారికి కష్టమవుతుంది.

ఈ బిగువుకు మూలం కండరంలో లేదు. సాగదీసిన కండరం తిరిగి ముడుచుకొనేటట్లు చేసే ప్రతీకార చర్య వెన్నుపాము ద్వారా జరుగుతుంది. మోకాలి చిప్ప క్రింద చిన్న సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగరడం ఇందుకు ఉదాహరణ. మెదడు ఈ చర్యను నిరంతరం అదుపులో ఉంచుతుంది. ఆ అదుపు తప్పితే, పగ్గం వదలిన ఎద్దువలె, వెన్నుపాము తన ఇష్టప్రకారం కండరాన్ని బిగిస్తుంది. మెదడులోని పైభాగానికి క్రిందిభాగంతో సంబంధం తెంచితే పిల్లి కాళ్ళు కొయ్యలవలె బిగుసుకొంటాయని 1898లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు షెరింగ్టన్ వివరించాడు. 1932లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది.

బిగువును కొలవడానికి 1964లో ఆష్‌వర్త్ అనే వైద్యుడు 0 నుండి 4 వరకు అంకెలు గల మాపకాన్ని ఏర్పరచాడు. వైద్యుడు రోగి చేతిని తానే కదిలించి, అది ఎంతగా ఎదురు తిరుగుతున్నదో చూసి అంకె వేస్తాడు. చేతిని ఎంత వేగంగా లాగితే బిగువు అంత ఎక్కువవుతుందన్న లక్షణాన్ని 1980లో లాన్స్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు నిర్వచనంగా చెప్పాడు. చేతిని మెల్లగా చాచాలని వ్యాయామ చికిత్సకులు పదేపదే చెప్పడానికి కారణమిదే.

మెదడులో చేతి స్థానం

మెదడు పైపొరలో కదలికలకు వేరువేరు స్థానాలున్నవని 1870లో రుజువైనది. బెర్లిన్ నగరంలో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే ఇద్దరు వైద్యులు కుక్క మెదడుపై స్వల్ప విద్యుత్ప్రవాహాన్ని ప్రసరింపజేశారు. ఒక చోట తాకితే ముందుకాలు, మరొక చోట తాకితే వెనుకకాలు కదిలినది. అదీ ఎదుటి ప్రక్క కాలే కదిలినది. మెదడు ఎడమభాగం దెబ్బతింటే కుడిచేయి పడిపోవడానికి కారణం ఈ అడ్డుమార్గమే. తరువాత ఇంగ్లండులో ఫెరియర్ కోతులపై ఇటువంటి ప్రయోగాలే చేసి ఈ స్థానాలను మరింత నిశితంగా గుర్తించాడు.

పుర్రె తెరవకుండ మనిషి మెదడును తాకడం ఎట్లా? 1980లో మెర్టన్, మోర్టన్ అనే వారు పుర్రెపైనుండి అధిక వోల్టేజి విద్యుత్తును పంపి చేతిని కదిలించారు. కాని అది నొప్పి కలిగించినది. మార్గాన్ని 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే చూపినది. మారుతున్న అయస్కాంత క్షేత్రం సమీపంలోని వాహకంలో విద్యుత్తును పుట్టిస్తుందని పాఠశాలలో చెప్పుకొంటున్నాము. 1985లో షెఫీల్డులో బార్కర్, ఆయన సహచరులు తీగచుట్టను తలపై ఉంచి, క్షణకాలం పెద్ద ప్రవాహాన్ని దానిగుండా పంపారు. అయస్కాంత క్షేత్రం పుర్రెను దాటి మెదడులో విద్యుత్తును పుట్టించినది. నొప్పి లేకుండానే వ్రేళ్ళు కదిలినవి. 2000లో జర్మనీలోని గటింగెన్ నగరంలో నిట్షే, పౌలస్ ఒక మిల్లీ ఆంపియరు ప్రవాహంతోనే మెదడులో చేతిస్థానపు స్పందనను కొద్దిసేపు హెచ్చించవచ్చుననీ, ధ్రువాలు మార్చితే తగ్గించవచ్చుననీ చూపారు.

వాడని చేయి మరచిపోయిన చేయి

ఇదే కాలంలో మరొక త్రోవలో వేరొక సత్యం బయటపడినది. అమెరికాలో టాబ్ అనే శాస్త్రజ్ఞుడు కోతి చేయి ఒకదానికి స్పర్శజ్ఞానం లేకుండ నాడులు కోశాడు. కోతి ఆ చేతిని వాడడం మానివేసినది. మంచి చేతిని కట్టివేయగా, మానిన చేతినే తిరిగి వాడసాగినది. చేయి అశక్తమైనందువల్లనే గాక, వాడకం మానినందువల్ల కూడ పనికిరాకుండ పోతున్నదని దీనివల్ల తేలినది. ఈ ఆలోచనతో 222 మంది పక్షవాత రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2006లో వెలువడినవి. వారిలో ఒక వర్గం వారు రెండు వారాలపాటు మంచి చేతికి తొడుగు వేసుకొని, బలహీనమైన చేతితో పనులు అభ్యసించారు. వీరికి మామూలు చికిత్స పొందినవారికంటె ఎక్కువ మేలు జరిగినది. ఆ మేలు ఏడాది తరువాత కూడ నిలిచినది.

రెండింటి కలయిక

ఉద్దీపన వల్ల నాడీకణాలు మార్పుకు సిద్ధపడితే, అదే సమయంలో చేసిన వ్యాయామం ఎక్కువగా నిలుస్తుందని పరిశోధకులు ఊహించారు. బలహీన పార్శ్వాన్ని ఉత్తేజపరచడం ఒక పద్ధతి. దానిని అణచివేస్తున్నదని భావింపబడిన మంచి పార్శ్వాన్ని శాంతపరచడం రెండవ పద్ధతి. ఈ రెండవ పద్ధతిని వ్యాయామంతో కలిపి 199 మందిపై జరిపిన పరీక్ష ఫలితం 2018లో ప్రకటింపబడినది. నిజమైన ఉద్దీపన పొందినవారిలో 67 శాతం మందికి మెరుగు కనిపించినది. నటనగా యంత్రం పెట్టి వ్యాయామం చేయించినవారిలోను 65 శాతం మంది మెరుగుపడ్డారు. అనగా ఆ పరీక్షలో యంత్రం వల్ల అదనపు లాభం తేలలేదు. మెరుగుపడినవారందరు చేసినది వ్యాయామమే.

2021లో మరొక విధానం ఫలించినది. మెడలోని వేగస్ నాడికి చిన్న పరికరాన్ని శస్త్రచికిత్స ద్వారా అమర్చి, రోగి చేతిని కదిలించిన క్షణంలోనే విద్యుత్ స్పందన మెదడుకు చేరేటట్లు చేశారు. 108 మందిపై ఆరు వారాలు జరిగిన ఈ పరీక్షలో, 66 మార్కుల కొలమానంపై ఉద్దీపన పొందినవారు సగటున 5.0, ఇతరులు 2.4 మార్కులు పుంజుకొన్నారు. ఈ కొలమానం కదలికను లెక్కిస్తుంది, బిగువును కాదు. బిగువుపై నేరుగా జరిగిన పరీక్షలు చాలవరకు చిన్నవి. వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

అందువల్ల యంత్రం ఒక్కటే చేతిని బాగుచేస్తుందని ఎవరైన మాట ఇస్తే నమ్మరాదు. తలలో లోహపు వస్తువులు అమర్చినవారికి, మూర్ఛవ్యాధి ఉన్నవారికి అయస్కాంత ఉద్దీపన ప్రమాదకరం కావచ్చును. యంత్రాలు పెద్ద నగరాల ఆసుపత్రులలో ఉంటాయి. రెంటచింతలలోని ఇంటిలో చేయగలిగినది వేరు: వ్యాయామ చికిత్సకుని సలహాతో, భుజాన్ని గుంజకుండా, వ్రేళ్ళను మెల్లగా చాపి, గ్లాసు పట్టడం, తలుపు గడియ తీయడం వంటి పనులను రోజూ పదులసార్లు చేయించడం. విద్యుత్తు ఇంకను పరీక్షలో ఉన్నది. ఈ అభ్యాసం ఇప్పటికే పరీక్షకు నిలిచినది.